చీరాల చుట్టూ 30 కిలోమీటర్లలో దేశ చరిత్ర

"రాజులు, వైస్రాయిలు, నాయకుల పేర్లు పక్కనపెట్టి మామూలు జనం వైపు నుంచి మన దేశ చరిత్ర రాయడం కుదురుతుందా? వాళ్లు రాసిపెట్టుకున్నది ఏమీ లేదు కదా, ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు. మీ ఇంట్లో 88 ఏళ్ల నాయనమ్మ ఉన్నారని కూడా రాశారు, ఆవిడ దగ్గరికి చివర్లో వస్తాను.

కుదురుతుంది. ఆధారాలు లేవన్న మాట సగమే నిజం. నేను ప్రొఫెసర్ని కాదు. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. 33 ఏళ్ల సర్వీసులో పదేళ్లకు పైనే రికార్డు రూములతో సరిపోయింది. ఆ దుమ్ముకి ఆయాసం పట్టుకుంది, దాంతోపాటు ఈ పిచ్చి కూడా పట్టుకుంది. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

జనం చరిత్ర అనగానే చాలామంది చేసే పని పాత్రలు మార్చడం. రాజు ఉన్నచోట ఒక తిరుగుబాటు వీరుణ్ణి పెడతారు, ఆయన పుట్టాడు, పోరాడాడు, చనిపోయాడు, ఇదిగో విగ్రహం. మిగతా ఊరంతా మళ్లీ వెనకాల జేజేలు కొట్టే గుంపే. నా పద్ధతి కొంచెం మొరటుది. పుస్తకంలో ఏ సంగతి చదివినా "దీని ఖర్చు ఎవరి నెత్తిన పడింది?" అని అడుగుతాను. గుడి కట్టించాడు, కాలువ తవ్వించాడు, సత్యాగ్రహం చేశాడు, దేనికైనా అదే ప్రశ్న. రెవెన్యూ బుద్ధి అనుకోండి.

ఇంకో సలహా, దేశం మొత్తం ఒక్కసారి ఎత్తుకోకండి. ఒక చోటు పట్టుకోండి. నేను చీరాల పట్టుకున్నాను, ఉద్యోగరీత్యా ఆ చుట్టుపక్కలే ఎక్కువ తిరిగాను కాబట్టి. ఊరి చుట్టూ ఓ 30 కిలోమీటర్ల వృత్తం గీసుకుంటే దేశ చరిత్రలో ఉన్నవన్నీ దాదాపు అందులోకి వచ్చేస్తాయి. అయితే వెతికేటప్పుడు జిల్లా జాగ్రత్త. చీరాల ఊరు అంగుళం కదల్లేదు గానీ జిల్లాలు మారుతూనే ఉన్నాయి. 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పాతకాలపు కాగితం కోసం ఒంగోలు వెళ్లి "లేదు" అనిపించుకుని వెనక్కొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు అడిగింది 1880ల నాటి కాగితం, అది అసలు కృష్ణా జిల్లా పేరు మీద ఉంటుంది.

ఒకే కాగితాన్ని రెండో వైపు నుంచి చదవడం అంటే ఏంటో ముందు ఒక ఉదాహరణ చెప్తాను. బాపట్ల భావనారాయణస్వామి గుడిలో 11, 12 శతాబ్దాల శాసనాలు బోలెడు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అఖండదీపం శాసనాలే. ఫలానా దొరగారు, లేదా ఆయన భార్య, పుణ్యం కోసం దేవుడికి దీపం పెట్టించారు, దానికి ఇన్ని గొర్రెలు ఇచ్చారు అని ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని "దానధర్మాలు" అనే మాట కింద చేర్చేసి ముందుకెళ్లిపోతారు. ఇలాంటి శాసనాల్లో కింద ఇంకో పేరు ఉంటుంది, ఫలానా బోయడు. ఆ గొర్రెల్ని తోలుకుపోయి మేపి, రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాల్సింది అతను. అతనొక్కడే కాదు, "పుత్రానుపౌత్రికం", అంటే కొడుకులు, మనవలు, ఆ తర్వాతివాళ్లు అందరూ. దానం చేసిన దొరగారి ఖర్చు ఆ ఒక్కరోజుతో అయిపోయింది. గొర్రెలకు రోగమొచ్చినా వాన పడకపోయినా మానెడు నెయ్యి మాత్రం తప్పదు, అది తరతరాల బాకీ. శాసనంలో దొర పేరుకు ముందు బిరుదులు నాలుగు పంక్తులుంటాయి, బోయడికి ఒక్క మాట. అయినా పేరు ఉంది చూశారా! తొమ్మిది వందల ఏళ్ల కిందటి గొర్రెలకాపరి పేరు రాయి మీద ఉంది. ఆధారాలు లేవనేవాళ్లు ముందు ఆ గుడి దాకా వెళ్లి రావాలి.

దీని పక్కనే మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి స్కూల్లో చదివే ఉంటారు. తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మునుపటి రాజులు లాక్కునేవాళ్లు, మేం లాక్కోం, ముప్పయ్యో వంతు సుంకం తీసుకుంటాం అని అందులో ఉంటుంది. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతాలు, పోకలు, మిరియాలు, అన్నిటి లెక్కా ఉంది. వాటిని ఓడ దగ్గర్నుంచి ఒడ్డుకు చేర్చిన పడవవాళ్ల కూలి ఎంతో మాత్రం లేదు. శాసనం ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

కాగితాలు దండిగా దొరికేది కంపెనీ వచ్చాక. ఇక్కడే చాలామంది కాలాల లెక్క తప్పుతారు. మన ముసలివాళ్లు 1833 అనరు, "నందన కరువు" అంటారు. 1876 అనరు, "ధాత కరువు" అంటారు. అరవై ఏళ్ల చక్రం కాబట్టి నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు, మిగతా మాటల్ని బట్టి పోల్చుకోవాలి. రెవెన్యూ కాగితాల్లోనేమో ఫస్లీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, జులైలో మొదలవుతుంది. ఫస్లీ 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్ దాకా. ఈ రెండు లెక్కలూ వస్తే సగం పని వచ్చినట్టే.

నందన కరువులో గుంటూరు జిల్లా అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని అప్పటి అంచనా. మొదటి జనాభా లెక్కలు 1871-72లో గానీ జరగలేదు కాబట్టి మనిషి మనిషినీ లెక్కపెట్టింది కాదు, కానీ అయిదుగురిలో ఇద్దరు అంటే మీ వీధి తల్చుకోండి చాలు. తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు, 1855కి పూర్తయింది. డెల్టాకి అన్నం పెట్టింది అదే, అనుమానం లేదు. కాటన్ దొర ఫోటో గోదావరి జిల్లాల్లో పూజగదిలో ఉండటానికి కారణం నాకు అర్థమవుతుంది. కానీ ఆనకట్ట కథ చెప్పేటప్పుడు నీటి తీరువ, అంటే నీటి పన్ను సంగతి కూడా చెప్పాలి. నీళ్లు ఊరికే రాలేదు, శిస్తు మీద తీరువ పడింది. మట్టి మోసినవాళ్లు వేరు, మాగాణి అయిన పొలం వేరేవాళ్లది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో కారంచేడు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ధాత కరువు ఇక్కడికంటే సీమలోనూ నెల్లూరులోనూ ఘోరం. దాని గురించి ఒక్కటే చెప్తాను. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు, విక్టోరియా మహారాణి చక్రవర్తిని అయిందని ప్రకటన. అదే చలికాలంలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు పంపి కరువు పనుల కూలి తగ్గించారు, రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన ఒక అణా. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు అది మనిషి బతికే తిండి కాదని గట్టిగా పోట్లాడాడు. దర్బారుకి ఒక పేజీ ఇచ్చే పుస్తకం ఈ 450 గ్రాములకు ఒక లైను ఇస్తుందా లేదా అని నేను చూస్తాను. బకింగ్‌హాం కాలువలో మద్రాసు ఊళ్లోంచి పోయే ముక్క ఈ కరువు కూలీలు తవ్విందే. కాలువ పేరేమో గవర్నరుది!

మనుషుల పేర్లు కావాలంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు చూడండి. మేం ఐ.ఎఫ్.ఆర్. అంటాం. 1858లో ఇనాం కమిషన్ వేసి, ఊరూరా శిస్తు లేకుండా ఎవరెవరు భూమి అనుభవిస్తున్నారో లెక్క తీశారు. ఇప్పటికీ కోర్టు కేసుల్లో దేవుడి మాన్యం ఎవరిదని తేల్చడానికే దాన్ని బయటికి తీస్తారు, అందుకే ఎవరూ చరిత్ర పుస్తకంలా చదవరు. తీరిగ్గా చదివితే అది ఊరి బతుకంతా. చాకలి మాన్యం, మంగలి మాన్యం, కుమ్మరి మాన్యం, తలారి, నీరటి, గుళ్లో మేళం వాయించేవాడు, నాట్యం చేసే ఆవిడ. పేరు, వయసు, ఎంత భూమి, ఏ పనికి, ఎవరిచ్చారు, అన్నీ ఉంటాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక కుమ్మరి ఆవిడ పేరు దగ్గర ఆగిపోయాను. ఎకరంలోపు మెట్ట, గుడికి ఏడాదికి కావలసిన కుండలు చేయాలి. భర్త పోయాక ఆవిడ పేరు మీద రాశారు. 1860లలో ఒక ఊళ్లో ఒక వితంతువు సారె తిప్పి గుడికి కుండలిచ్చి పొలం నిలబెట్టుకుంది. నాకు తెలిసి ఆ మనిషి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క వరసలోనే.

ఇప్పుడు ఉప్పు. ఉప్పు అంటే అందరికీ 1930 గుర్తొస్తుంది, దండి గుర్తొస్తుంది. మా వైపు దేవరంపాడు శిబిరం, ప్రకాశం పంతులు గారు. అదంతా నిజమే. కానీ ఉప్పు కథ 1930లో మొదలుపెడితే అందులో మామూలు జనం వెనక నడిచినవాళ్లుగానే మిగులుతారు. 1805లో మొదలుపెట్టండి. ఆ ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు వ్యాపారం మొత్తం సర్కారు గుత్తానికి తీసుకుంది. చినగంజాం కొఠార్లలో పండే ఉప్పుని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి జిల్లాలకు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చి అమ్ముకునే సంచార కులాలు ఉండేవి. వాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. నమ్మకపోతే వాళ్ల తెగల పేర్లు అడగండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. వాళ్ల బతుకుతెరువు వాళ్ల పేరులోనే రాసుంది, ఇంతకంటే పెద్ద రికార్డు ఏం కావాలి? గుత్తం వచ్చి ఒక దెబ్బ, అడవి చట్టం వచ్చి మేతకి ఇంకో దెబ్బ, ఆ మీద రైలు. 1890ల చివరికి మద్రాసు, బెజవాడల మధ్య రైలు కలిసింది, గాడిద మీద వెళ్లే ఉప్పు బస్తా వ్యాగన్‌లోకి ఎక్కింది. రైలు రావడం పుస్తకంలో అభివృద్ధి అనే అధ్యాయం. అవతల ఒక కులం మొత్తానికి తరతరాల పని పోయింది.

పని పోయి తిరుగుతున్నవాళ్లను సర్కారు ఏం చేసింది? 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు దాకా వచ్చిన చట్టం కింద నేరస్థ జాతి అని రాసేసింది. మనిషి ఏం చేశాడన్నది అక్కర్లేదు, ఏ కులంలో పుట్టాడన్నది చాలు. చీరాల, బాపట్ల మధ్య రైల్లో వెళ్తే స్టువర్టుపురం అని స్టేషను వస్తుంది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి పెట్టించిన సెటిల్‌మెంటు అది. హాజరు పట్టీ, బయటికెళ్లాలంటే పాసు. అందులోవాళ్లను చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. నేరస్థుల్ని బాగుచేయడం అని కాగితం మీద రాశారు, ఫ్యాక్టరీకి మాత్రం పారిపోలేని కూలీలు దొరికారు. ఇన్నాళ్లూ స్టువర్టుపురం అనగానే మన సినిమాలకూ పేపర్లకూ దొంగలు తప్ప ఏమీ కనబడలేదు. ఉప్పు బస్తా దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పి చూడండి, కథ ఎంత మారిపోతుందో.

ఇక చీరాల, పేరాల. ఇది పాఠాల్లో ఉన్న ఘట్టమే. రెండు ఊళ్లూ కలిపి మునిసిపాలిటీ చేశారు, ఏడాదికి నాలుగు వేలుండే పన్ను నలభై వేలకు పోయింది. జనం ఎదురుతిరిగారు. 1921 ఏప్రిల్లో గాంధీ వచ్చి, పన్ను ఎగ్గొట్టి జైలుకెళ్లడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు బయటికి వెళ్లిపోవడం ఇంకో దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో రెండో దారి పట్టారు. 15 వేల జనంలో 13 వేల మంది దాకా బయటికెళ్లి రామనగరం అని గుడిసెలు వేసుకుని 11 నెలలున్నారు. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న ఇంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పేరాలలో ఒక ముసలాయన ఉండేవాడు, సాలె కులం, ఆ వలసనాటికి తొమ్మిదో పదో ఏళ్లు. గాంధీ గారిని చూశావా తాతా అంటే "చూసే ఉంటాన్లే" అన్నాడు, ఆసక్తి లేకుండా. ఆయన చెప్పిందంతా మగ్గం గురించే. గుంట మగ్గం చూశారా ఎప్పుడైనా? నేలలో నడుం లోతు గుంట తీసి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని తొక్కాలి. కొయ్య సామాను మోసుకెళ్లొచ్చు గానీ గుంటను మోసుకెళ్లలేరు కదా. కొత్తచోట ఇసక నేల, తవ్వితే గోడలు నిలవవు, వాన పడితే నీళ్లు ఊరతాయి. వాళ్ల నాన్న గుంటలో నీళ్లు చెంబుతో తోడిపోస్తూ ఉంటే, వాళ్లమ్మ గంజి పెట్టిన నూలు తడవకుండా చీర కొంగు కింద పెట్టుకుని నిలబడిందట రాత్రంతా. "మునిసిపాలిటీ పన్ను రెండ్రూపాయలో మూడ్రూపాయలో, ఆ వానాకాలం మాకు పోయిన నేత అంతకు పదింతలు" అన్నాడు. మరెందుకెళ్లారు అని అడిగాను. కాసేపాగి, "అందరూ పోతుంటే మేం ఒక్కళ్లం లోపలుంటే సాలెపేటలో నీళ్లు పోసేవాడుండడు" అన్నాడు.

ఈ ఆఖరి మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. దేశభక్తి లేదని కాదు ఆయన అర్థం. కులం కట్టుబాటు, పేట ఒప్పందం, పన్ను మీద కోపం, నాయకుడి మీద నమ్మకం, అన్నీ కలిసి ఊరు కదిలింది. 13 వేల మందీ ఒకే కారణంతో బయల్దేరారని రాస్తే అది జనం చరిత్ర పేరుతో మళ్లీ రాసిన నాయకుడి చరిత్రే అవుతుంది. చివరికి నాయకుడు జైల్లో, చందాలు అయిపోయాయి, జనం వెనక్కొచ్చారు. రామనగరంలో పోయిన నేత ఖర్చు ఏ లెక్కలోనూ లేదు, ఆయన బుర్రలో తప్ప. నేను రాసుకోకపోతే అదీ ఉండేది కాదు. అప్పుడు రికార్డు చేయాలన్న జ్ఞానం లేక డైరీలో రాసుకున్నది ఇంతే, ఆయన పేరు కూడా పూర్తిగా రాసుకోలేదు. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదే కాలంలో, వృత్తం కాస్త దాటితే, పెదనందిపాడు. 1922 మొదట్లో శిస్తు నిరాకరణ. మునసబులు, కరణాలు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చారు, మిలటరీ దిగింది. గొప్ప పోరాటమే, కాదనను. కానీ శిస్తు కట్టనని అనాలంటే ముందు పట్టా ఉండాలి కదండీ. పాలేరుకి, కూలివాడికి పట్టా ఎక్కడిది? రైతు శిస్తు ఎగ్గొడితే ఎద్దులు జప్తు చేశారు, ఆ లిస్టులున్నాయి. ఎద్దులు పోతే పని పోయిన పాలేరు ఏం తిన్నాడో ఏ లిస్టులో లేదు. "సామాన్య ప్రజలు" అని ఒకే మూటగా కట్టేయకండి అని చెప్పడానికే ఇది ఎత్తాను. పల్నాడులో పుల్లరి పోరాటం ఇంకొంచెం వేరు, అక్కడ పశువుకింత అని పన్ను కాబట్టి ఒక ఆవు ఉన్నవాడు కూడా అందులోకొచ్చాడు. ఎవరు ఏ పోరాటంలో ఉన్నారో చూడాలంటే పన్ను దేని మీద పడిందో చూస్తే చాలు.

స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది అన్నదానికి కూడా ఒక్క తేదీ లేదు. చీరాలకి 1947 ఆగస్టు 15. కృష్ణ దాటి నల్గొండకి వెళ్తే ఆ రోజు జెండా ఎగరేసినవాణ్ణి రజాకార్లు కొట్టారు, అక్కడ 1948 సెప్టెంబరు 17. యానాంకి 1954. నేరస్థ జాతుల చట్టం దేశం మొత్తం మీద పోయింది 1952 ఆగస్టు 31న, విముక్త జాతులవాళ్లు ఇప్పటికీ ఆ రోజునే పండగ చేసుకుంటారు. మొదటి ఎన్నికల జాబితాలు రాసేటప్పుడు, ఎక్కువగా ఉత్తరాదిలో, "ఫలానావాడి భార్య" అనే తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ల పేర్లు 28 లక్షల దాకా కొట్టేశారు. వాళ్లకి ఓటు ఎప్పుడొచ్చినట్టు? ఇలాంటి తేదీల పట్టిక ఒకటి తయారుచేసి గోడకి తగిలించుకోండి, రాసేటప్పుడు పనికొస్తుంది.

ఆధారాలు లేవన్నది సగం నిజం అన్నాను కదా, ఆ సగం ఎలా అయిందో కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆఫీసులో ఫైలు ముగించేటప్పుడు దానికో ముద్ర వేస్తాం. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా దాచాలి. డి.డిస్ అంటే పదేళ్లు. ఎల్.డిస్ అంటే కొద్దికాలం ఉంచి తీసేయొచ్చు. భూమి పట్టాలు, ఎస్టేటు తగాదాలు, హద్దుల గొడవలు ఆర్.డిస్‌లోకి వెళ్తాయి. "అయ్యా, మా ఊళ్లో బావి ఎండిపోయింది", "కూలి ఇవ్వకుండా కొట్టాడు", "పింఛను రాలేదు" అనే అర్జీలు ఎక్కువగా ఎల్.డిస్. అంటే ఆస్తి ఉన్నవాడి గొంతు శాశ్వతం, లేనివాడి గొంతు గడువు తీరగానే చిత్తుకాగితం. ఎవరూ కుట్ర చేయలేదు, రూలు అలా ఉంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో, పేరు ఎందుకు లెండి, గది ఖాళీ చేయాలని పాత కట్టలు కాటా వేసి అమ్మేశారు. ఆ డిస్పోజల్ లిస్టు కింద సంతకాల్లో నాదీ ఉంది. అప్పటికి సర్వీసులో మూడేళ్లవాణ్ణి. పైన ఉన్న అర్జీ ఒకటి తీసి చదివాను, వేలిముద్ర వేసింది, మళ్లీ కట్టలో పెట్టేశాను.

తెలంగాణ వైపు రాసేవాళ్లకి ఇంకో మంచి ఆధారం పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు. అందులో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. పట్టా దేశ్‌ముఖ్ పేరున ఉంటుంది, దున్నేవాడి పేరు రెండో కాలమ్‌లో. 1954-55 ఖాస్రా పహాణీ తీసుకుని మీ ఊరి పేజీల్లో ఆ రెండో కాలమ్ ఒక్కటే చదువుకుంటూ పోండి, సాయుధ పోరాటం దేని గురించో ఎవరూ చెప్పక్కర్లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ గారి గొడవ కూడా ఆ కాలమ్ గొడవే కదా, పండించింది ఎవరు, పంట ఎవరిది అని. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ కాలమ్ తీసేశారు. దాని మంచిచెడ్డలు వేరే చర్చ, చరిత్ర రాసేవాడికి మాత్రం నష్టం.

కారంచేడు. చీరాలకి ఏడెనిమిది కిలోమీటర్లు. 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర భూస్వాముల వైపు కుర్రాడు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఇవి మేం తాగే నీళ్లని మాదిగపల్లె వాళ్లు అడ్డం చెప్పారు, సువార్తమ్మ కొట్టబోయినవాడికి ఎదురుగా బిందె ఎత్తింది. మర్నాడు, 17వ తేదీన, భూస్వాముల వైపు వాళ్లు పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపేశారు. మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు, మళ్లీ ఆ ఊరికి వెళ్లేది లేదన్నారు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆనకట్ట నీళ్లు, మాగాణి, పొగాకు డబ్బు, వీటితో బలిసిన డెల్టా ఊరది. తాగే నీళ్ల దగ్గర మాత్రం లెక్క 1855కి ముందులాగే ఉంది.

చీరాల నుంచి 1921లో ఊరు బయటికి పోయింది, 1985లో ఒక పల్లె చీరాల లోపలికి వచ్చింది. మొదటివాళ్లు 11 నెలలకు తిరిగొచ్చారు. రెండోవాళ్లు తిరిగి వెళ్లలేదు. మా పిల్లల సాంఘికశాస్త్రంలో మొదటిది ఉంది, రెండోది నాకు కనబడలేదు. మీరు రాసే చరిత్రలో రెండూ ఒకే అధ్యాయంలో ఉండాలని నా కోరిక.

పాత పేపర్లు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లండి, 1918 నుంచి ఉంది, వందేళ్ల నాటి తెలుగు పత్రికలు కట్టలుగా ఉంటాయి. వెళ్లినప్పుడు సంపాదకీయాలు తర్వాత చదువుకోవచ్చు, ముందు ప్రకటనలు, మార్కెట్ ధరలు, ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు చూడండి. నూలు ధర, బియ్యం ధర రాసుకోండి. ఆడవాళ్ల జ్ఞాపకాలు ఎలా సేకరించాలో చూడాలంటే స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లతో మాట్లాడి 1986లో వేసిన "మనకు తెలియని మన చరిత్ర" ఉంది, ఒకసారి తిరగేయండి.

ఇక మీ నాయనమ్మ గారు. ఆవిణ్ణి "స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఏం జరిగింది?" అని అడగొద్దు. అలా అడిగితే టీవీలో విన్నది చెప్తారు. గాంధీ గారు మా ఇంటి ముందు నుంచే వెళ్లారని చెప్తారు, చీరాలలో ప్రతి పాత ఇంటి ముందు నుంచీ ఆయన వెళ్లారు, ఆ లెక్కన ఊళ్లో నెల్లాళ్లు నడిచుండాలి. వంటింటి దగ్గర మొదలుపెట్టండి. రోజూ వరన్నం ఎప్పటి నుంచి తింటున్నారు? అంతకుముందు ఏం వండేవాళ్లు, జొన్నన్నమా, సంగటా, గంజా? అన్నం ఏ ఏ పండగలకి? చాలా ఇళ్లలో జవాబు 1983 చుట్టూ తిరుగుతుంది, కిలో రెండు రూపాయల బియ్యం దగ్గర. ఆ ఒక్క ప్రశ్నతో కులం, భూమి, కరువు, ప్రభుత్వం అన్నీ వాటంతటవే వస్తాయి. తర్వాత మొదటిసారి చెప్పులు ఎప్పుడు వేసుకున్నారు, ఎవరి ఇంటి ముందు విప్పేవాళ్లు అని అడగండి. కాన్పులు ఎక్కడ జరిగాయి, ఎంతమంది పుట్టారు, ఎంతమంది దక్కారు అని అడగండి, ఇది అడిగాక మాత్రం ఆ రోజుకి ఇంకేమీ అడగొద్దు. ఏడ్చినా ఏడుస్తారు, పక్కన కూర్చోండి.

తేదీలు తప్పు చెప్తే మధ్యలో సరిచేయకండి. "మీ పెళ్లికి ముందా తర్వాతా, తుఫానుకి ముందా తర్వాతా" అని అడిగితే చాలు, లెక్క తర్వాత కట్టుకోవచ్చు. రోజుకి అరగంట మించొద్దు. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి, ఎండాకాలమైనా సరే. నా దగ్గర పధ్నాలుగు మంది ముసలివాళ్ల గొంతులున్నాయి, వాటిలో అయిదింట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడదు.